ఇంజిన్ బాగున్నా కూలుతున్నాయి: హెలికాప్టర్ అత్యవసర ల్యాండింగ్ శిక్షణలో తేడా ఎక్కడొస్తుంది?

క్లుప్తంగా: గాల్లో ఇంజిన్ ఆగిపోయినా హెలికాప్టర్‌ని నేలకి దించవచ్చు. ఆ పద్ధతి పేరు ఆటోరొటేషన్. పైలట్లంతా నేర్చుకోవాల్సిందే. కానీ ప్రాక్టీసులో కూడా ఎత్తు, వేగం, రోటర్ (పైన తిరిగే బ్లేడ్ల చక్రం) తిరిగే జోరు నిజంగానే ఖర్చవుతాయి. చాలా శిక్షణ ప్రమాదాలు చివరి 100 అడుగుల్లో జరుగుతాయి. అక్కడ అసలు ప్రశ్న యంత్రం గురించి కాదు, ప్రాక్టీసుని ఎప్పుడు ఆపాలన్న నిర్ణయం గురించి.

శిక్షణలో హెలికాప్టర్ కూలిందన్న వార్తల్లో ‘అత్యవసర ల్యాండింగ్ ప్రాక్టీసు చేస్తుండగా’ అన్న మాట చాలామందిని తికమక పెడుతుంది. ప్రాక్టీసు అంటే ఇంజిన్ బాగానే ఉంది, పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ ఉన్నారు, కింద చదునైన మైదానమో రన్‌వేనో ఉంది. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు ఎందుకు కూలాలి? ఎక్కడో యంత్రంలో లోపం ఉండే ఉంటుందని చాలామంది అక్కడితో ఒక నిర్ణయానికి వచ్చేస్తారు.

నిజానికి ఈ రంగంలో ఉన్నవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. శిక్షణ సంస్థల్లో బాగా కనిపించే ఆర్22, ఆర్44 హెలికాప్టర్లు తయారుచేసే రాబిన్సన్ కంపెనీ 2003లోనే దీనిమీద ప్రత్యేకంగా ఒక భద్రతా నోటీసు ఇచ్చింది. చాలా అరుదుగా జరిగే ఇంజిన్ ఫెయిల్యూర్ కోసం ప్రాక్టీసు చేస్తూ ఏటా చాలా హెలికాప్టర్లు ధ్వంసమవుతున్నాయన్నది అందులో మొదటి మాట. తమ యంత్రాన్ని ఎలా నేర్పుతున్నారో చూసి తయారీదారే ఆందోళన పడాల్సి వచ్చిందంటే సమస్య చిన్నది కాదు.

ఇంజిన్ లేకుండా రోటర్ ఎలా తిరుగుతుంది

ఇంజిన్ ఆగితే హెలికాప్టర్ రాయిలా పడిపోతుందనుకోవడం పొరపాటు. ఇంజిన్‌కీ రోటర్‌కీ మధ్య ఫ్రీవీలింగ్ యూనిట్ అనే భాగం ఉంటుంది. సైకిల్ తొక్కడం ఆపినా వెనక చక్రం తిరుగుతూనే ఉన్నట్టు, ఇంజిన్ ఆగినా రోటర్ దాని పాటికి అది తిరుగుతుంది. ఆ తిరగడాన్ని నిలబెట్టడమే పైలట్ పని.

అందుకు ముందు చెయ్యాల్సింది ఎడమ చేతిలో ఉన్న కలెక్టివ్ అనే లివర్‌ని వెంటనే కిందికి దించడం. దాంతో బ్లేడ్ల కోణం తగ్గుతుంది. హెలికాప్టర్ కిందికి దిగుతుంటే కింది నుంచి పైకి వచ్చే గాలి బ్లేడ్లని తిప్పుతుంది. మామూలుగా ఎగిరేటప్పుడు గాలి పైనుంచి కిందికి వెళ్తుంది, ఇప్పుడు దిశ మారింది. బ్లేడ్‌లో అన్ని భాగాలూ ఒకే పని చెయ్యవు. మధ్య భాగం గాలి నుంచి శక్తి తీసుకుని రోటర్‌ని తిప్పుతుంది, చివరి భాగం ఆ శక్తిని వాడుకుని హెలికాప్టర్‌ని మోస్తుంది. మొదలు దగ్గరి భాగం వల్ల పెద్దగా ఉపయోగం ఉండదు.

ఈ సూత్రం ఇవాళ్టి హెలికాప్టర్ కన్నా పాతది. స్పెయిన్ ఇంజనీర్ హువాన్ దె లా సియెర్వా 1923 జనవరిలో మాడ్రిడ్ దగ్గర ఎగరేసిన ఆటోజైరోలో రోటర్‌కి ఇంజిన్‌తో సంబంధమే లేదు. ఎగిరినంతసేపూ అది గాలికే తిరిగేది. వేగం తగ్గినా కూలిపోని విమానం తయారుచెయ్యాలన్నది ఆయన పట్టుదల. ఇవాళ ప్రమాద నివేదికల్లో కనిపించే ఆటోరొటేషన్ ఒకప్పుడు భద్రత కోసం పుట్టిన ఆలోచన.

సెకన్ల లెక్క

సూత్రం తేలికే, టైమే తక్కువ. చిన్న హెలికాప్టర్లు ఆటోరొటేషన్‌లో సుమారు నిమిషానికి 1,500 అడుగుల చొప్పున దిగుతాయి. అంటే సెకనుకి 25 అడుగులు. 500 అడుగుల ఎత్తులో ఇంజిన్ ఆగితే చేతిలో ఉండేది దాదాపు 20 సెకన్లు. ఆ ఎత్తు నుంచి ఎంత దూరం వెళ్లగలదన్నది ఇంకో లెక్క. ఆర్22 మాన్యువల్ ప్రకారం అది ఒక అడుగు దిగేలోపు ముందుకి వెళ్లేది మహా అయితే నాలుగు అడుగులు. సెస్నా 172 లాంటి చిన్న విమానం ఇంజిన్ ఆగినా తొమ్మిది అడుగులు వెళ్తుంది. కాబట్టి 500 అడుగుల మీదున్న ఆర్22 పైలట్‌కి దిగే చోటు 600 మీటర్లలోపే దొరకాలి.

దూరం కన్నా పెద్ద చిక్కు రోటర్ వేగం. తిరిగే రోటర్‌లో ఉండే శక్తి దాని వేగం వర్గానికి అనుపాతంలో ఉంటుంది. వేగం 90 శాతానికి పడితే శక్తి 81 శాతం మిగులుతుంది, 80 శాతానికి పడితే 64 శాతమే. బ్లేడ్లు ఇచ్చే లిఫ్ట్ (పైకి మోసే బలం) కూడా దాదాపు ఇదే లెక్కలో తగ్గుతుంది. ఆర్22లో ఇంజిన్ లేకుండా దిగేటప్పుడు రోటర్ వేగం 90 నుంచి 110 శాతం మధ్య ఉండాలి. 97 శాతం దగ్గరే హెచ్చరిక హారన్ మోగుతుంది. సుమారు 80 శాతానికి పడిపోతే బ్లేడ్లు స్టాల్ అవుతాయి, అంటే మోసే శక్తి కోల్పోతాయి. అక్కడి నుంచి కోలుకోవడం ఉండదు. వెనక్కి ఎగదన్నిన బ్లేడ్ తోకనే నరికేయవచ్చు.

యంత్రాల మధ్య తేడా ఇక్కడే బయటపడుతుంది. వియత్నాం యుద్ధ కాలం నాటి యూహెచ్-1 హ్యూయీకి బరువైన రెండు బ్లేడ్లు. ఒకసారి తిరగడం మొదలెడితే అంత త్వరగా నెమ్మదించవు. ఇంజిన్ పవర్ లేకుండా దింపి, మిగిలిన రోటర్ జోరుతోనే మళ్లీ కాస్త పైకి లేపి, పక్కకి తిప్పి కూర్చోబెట్టిన పైలట్ల కథలు ఆ హెలికాప్టర్ గురించే చెప్పుకుంటారు. ఆర్22 బరువు నిండుగా ఉన్నా 621 కిలోలే. దాని బ్లేడ్లు తేలిక. కలెక్టివ్ దించడం ఆలస్యమైతే ఒకటి రెండు సెకన్లలోనే రోటర్ వేగం ప్రమాద స్థాయికి వచ్చేస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి, అన్నిటికన్నా తక్కువ టైమిచ్చే యంత్రమే చవకగా దొరకడం వల్ల ప్రపంచమంతటా శిక్షణ హెలికాప్టర్‌గా స్థిరపడింది.

ఆ టైము ఎంత తక్కువో చెప్పే రికార్డింగ్ ఒకటుంది. 1992 జూన్‌లో కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ దగ్గర ఒక ఆర్22 శిక్షణలో ఉండగా గాల్లోనే విరిగి కూలింది, ఇన్‌స్ట్రక్టర్, ట్రైనీ ఇద్దరూ చనిపోయారు. పాఠం మళ్లీ వినడానికి ట్రైనీ వెంట చిన్న టేప్ రికార్డర్ పెట్టుకున్నారు. అందులో మాటలు మామూలుగా సాగుతుండగా మధ్యలోనే చప్పుడు మొదలవుతుంది. అప్పుడు జరుగుతున్నది ఆటోరొటేషన్ పాఠం కాదు, మామూలు ప్రయాణమే. అయినా ఈ తరహా ప్రమాదాలన్నీ కలిసి నిబంధనల్ని మార్చాయి. 1995లో అమెరికా ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ రాబిన్సన్ హెలికాప్టర్ల కోసం ప్రత్యేక నియమాలు తెచ్చింది. రోటర్ వేగం పడిపోవడం, శక్తిని పొదుపుగా వాడుకోవడం, ఆటోరొటేషన్ గురించి విడిగా శిక్షణ ఉండాలి. ఇన్‌స్ట్రక్టర్‌తో ఆర్22లో కనీసం 20 గంటలు ఎగరకుండా ట్రైనీని ఒంటరిగా పంపకూడదు.

ప్రాక్టీసులో ఏం జరుగుతుంది

శిక్షణలో సాధారణంగా ఇంజిన్‌ని ఆపరు. ఇంజిన్ పవర్‌ని పెంచి తగ్గించే థ్రాటిల్‌ని తగ్గించి రోటర్‌తో లంకె వదిలిపోయేలా చేస్తారు. అక్కడి నుంచి దిగడమంతా నిజమైన ఆటోరొటేషనే. నేల దగ్గర పడ్డాక హెలికాప్టర్ ముక్కు పైకెత్తి వేగం తగ్గిస్తారు, దీన్ని ఫ్లేర్ అంటారు. ఫ్లేర్‌తో ముందుకెళ్లే వేగం కొంత రోటర్ జోరుగా మారుతుంది. తర్వాత హెలికాప్టర్‌ని సమం చేసి, చివరి కొన్ని అడుగుల్లో కలెక్టివ్ పైకి లాగి ఆ జోరునంతా ఒక్కసారి వాడేస్తారు. రెండో అవకాశం ఉండదు. లాగడం తొందరైతే రోటర్ నీరసించి పైనుంచి దభీమని పడుతుంది, ఆలస్యమైతే నేరుగా నేలకి కొట్టుకుంటుంది.

ప్రాక్టీసుని రెండు రకాలుగా ముగించవచ్చు. ఒకటి పవర్ రికవరీ, అంటే నేలకి తాకకముందే థ్రాటిల్ తెరిచి గాల్లో నిలబడటం. రెండోది టచ్‌డౌన్, అంటే పవర్ లేకుండానే నేల మీద దించడం. మొదటిది సురక్షితంగా కనిపిస్తుంది కానీ దాని తంటాలు దానికున్నాయి. పవర్ తిరిగి రాగానే హెలికాప్టర్ పక్కకి తిరుగుతుంది, దాన్ని కాలి కింది పెడల్‌తో ఆపాలి. థ్రాటిల్ ఒక్కసారిగా తిప్పితే ఇంజిన్ హద్దు దాటి తిరుగుతుంది, ఆలస్యంగా తిప్పితే పవర్ అందేలోపే నేల వచ్చేస్తుంది. ఇంకో ప్రమాదం కూడా నమోదైంది: థ్రాటిల్ ఒక్కసారిగా మూసేస్తే ఇంజిన్ నిజంగానే ఆగిపోవచ్చు. అప్పుడు ప్రాక్టీసు కాస్తా అసలు సంగతైపోతుంది. అందుకే థ్రాటిల్‌ని ఒక్కసారిగా మూయొద్దని, మెల్లగా తగ్గించి, రోటర్, ఇంజిన్ వేగాలు చూపే సూచీలు కాస్త విడిపడితే చాలని రాబిన్సన్ నోటీసు చెబుతుంది.

ఆ నోటీసులో అన్నిటికన్నా పనికొచ్చే భాగం 100 అడుగుల నియమం. ఆ ఎత్తుకి వచ్చేసరికి రోటర్ వేగం మీటర్ మీద సురక్షిత పరిధిని చూపే ఆకుపచ్చ గీత మధ్యలో ఉండాలి. హెలికాప్టర్ వేగం 60 నుంచి 70 నాట్ల (గంటకి సుమారు 110 నుంచి 130 కిలోమీటర్ల) మధ్య నిలకడగా ఉండాలి. దిగే వేగం మామూలుగా ఉండాలి, అంటే సాధారణంగా నిమిషానికి 1,500 అడుగుల లోపు. మలుపు ఏదైనా ఉంటే అప్పటికే పూర్తయి ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఇంకేం ఆలోచించకుండా పవర్ తెచ్చుకోవాలి. చాలా ప్రమాదాలు ఈ షరతులు కుదరకపోయినా ‘సర్దుకుంటుందిలే’ అని కిందికి దిగినప్పుడే జరిగాయి. 100 అడుగులంటే, సెకనుకి 25 అడుగుల లెక్కన, నేలకి నాలుగు సెకన్ల దూరం. నాలుగు సెకన్లలో తప్పుని గుర్తించి, దిద్ది, ఫలితం వచ్చేదాకా ఆగడం కుదిరే పని కాదు. కాబట్టి ఈ నియమంలో దిద్దుబాటు ఊసే లేదు, ఉన్నది విరమించుకోవడమే.

ఇన్‌స్ట్రక్టర్ సీటులో ఇబ్బంది

ప్రమాదంలో అనుభవమున్న ఇన్‌స్ట్రక్టర్ కూడా ఉన్నారని తెలిస్తే పాఠకుడికి అనుమానం ఇంకా పెరుగుతుంది. కానీ అక్కడ రెండు పనులు ఒకదానికొకటి అడ్డం పడతాయి. ట్రైనీ నేర్చుకోవాలంటే తప్పు చెయ్యనివ్వాలి. ప్రాణం దక్కాలంటే ఆ తప్పుని వెంటనే ఆపాలి. కారు డ్రైవింగ్ నేర్పేటప్పుడు ఈ రెంటి మధ్యా వ్యవధి ఉంటుంది. ఆటోరొటేషన్‌లో అది ఒకటి రెండు సెకన్లే. కంగారులో ట్రైనీ చెయ్యగల తప్పులు కూడా పెద్ద జాబితాయే: కలెక్టివ్ దించాల్సింది పోయి పైకి లాగడం, తప్పు పెడల్ తొక్కడం, బిగుసుకుపోయి ఏమీ చెయ్యకపోవడం. ఇన్‌స్ట్రక్టర్ పరీక్షించే ఉద్దేశంతో చెప్పాపెట్టకుండా థ్రాటిల్ మూసేస్తే ప్రాణాల మీదికి వస్తుందని రాబిన్సన్ విడిగా మరో నోటీసులో హెచ్చరించింది.

అలసట సంగతీ ఉంది. ఒకదాని వెంట ఒకటి చాలా ఆటోరొటేషన్లు చేశాక జరిగిన ప్రమాదాలు ఎక్కువని, వరసగా మూడు నాలుగు మించి చెయ్యొద్దని 2003 నాటి నోటీసు సలహా. మొదటి నాలుగూ బాగా వచ్చాక ఐదో దానికి ఇన్‌స్ట్రక్టర్ చేతులు కంట్రోల్స్‌కి కాస్త దూరం జరుగుతాయి. ట్రైనీ చేతులు అప్పటికే అలసిపోయి ఉంటాయి.

ఎండాకాలం, ఎత్తు

100 అడుగుల నియమంలో చిన్న మినహాయింపు ఉంది. దాన్ని తెలుగు ప్రాంతాల్లో పట్టించుకోవాలి. గాలి పల్చన ఎంతుందో చెప్పే ‘డెన్సిటీ ఆల్టిట్యూడ్’ 4,000 అడుగులు దాటితే నిర్ణయ ఎత్తుని 200 అడుగులకో అంతకన్నా పైకో పెంచాలి. నాలుగు వేల అడుగులంటే కొండల మీది సంగతి అనిపిస్తుంది. హైదరాబాద్‌లో బేగంపేట విమానాశ్రయం ఎత్తు సముద్రమట్టానికి సుమారు 1,740 అడుగులు. వేసవిలో 40 డిగ్రీల ఎండలో అక్కడ గాలి 5,000 అడుగులు దాటిన ఎత్తులో ఉన్నంత పల్చగా ఉంటుంది. సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న విజయవాడలో కూడా 44 డిగ్రీల రోజు ఈ లెక్క 3,500 అడుగుల దగ్గరికి చేరుతుంది. పల్చటి గాలిలో దిగే వేగం పెరుగుతుంది, చివర్లో కలెక్టివ్ లాగినప్పుడు దొరికే ఆసరా తగ్గుతుంది, ఇంజిన్ కూడా అంత చురుగ్గా అందుకోదు.

ఇది కేవలం కాగితం మీది లెక్క కాదు. భారత వాయుసేన హెలికాప్టర్ ట్రైనింగ్ స్కూల్ ఉన్నది హైదరాబాద్ పక్కన హకీంపేటలోనే. అక్కడ పాఠాలు చేతక్ మీద చెబుతారు. చేతక్ ఆర్22 కన్నా బరువైనది, టర్బైన్ ఇంజిన్‌తో నడుస్తుంది, మూడు బ్లేడ్ల రోటర్. రాబిన్సన్ అంకెలు దానికి యథాతథంగా వర్తించవు. కానీ మే నెల మధ్యాహ్నం చేసే ఆటోరొటేషన్, జనవరి ఉదయం చేసే ఆటోరొటేషన్ ఒకటి కావన్నది ఏ హెలికాప్టర్‌కైనా నిజమే.

నేల దాకా వెళ్లాలా, వద్దా

ఇంత ప్రమాదమైతే టచ్‌డౌన్ ప్రాక్టీసు మానేస్తే పోలా అన్న వాదన పాతదే. అమెరికాలో ప్రైవేట్, కమర్షియల్ లైసెన్స్ పరీక్షల్లో పవర్ రికవరీతో ముగిస్తే చాలు. ఇన్‌స్ట్రక్టర్ కావాలనుకునేవాళ్లకి మాత్రం టచ్‌డౌన్ శిక్షణ తప్పదు. ఇది ఒక రాజీ: నేర్పేవాళ్లకి చివరిదాకా తెలిసుండాలి, నేర్చుకునేవాళ్లకి అంత అవసరం లేదు.

సైన్యంలో ఇదే వాదన హెలికాప్టర్ కొనుగోళ్ల దాకా వెళ్లింది. వియత్నాం యుద్ధ కాలంలో టెక్సాస్‌లోని ఫోర్ట్ వోల్టర్స్‌లో చిన్న టీహెచ్-55 హెలికాప్టర్ల మీద టచ్‌డౌన్ ఆటోరొటేషన్ రోజువారీ పాఠం. తర్వాత అమెరికా ఆర్మీ రెండు ఇంజిన్ల యూహెచ్-72 లకోటాని శిక్షణకి తెచ్చింది. దానితో టచ్‌డౌన్ ఆటోరొటేషన్ చెయ్యరు. పైలట్లు చివరికి నడపబోయేవి బ్లాక్‌హాక్, అపాచీ లాంటి రెండు ఇంజిన్ల హెలికాప్టర్లే కదా అన్నది సమర్థన. యంత్రాన్ని ఒంటితో పసిగట్టి నడిపే నేర్పు పోతోందన్నది విమర్శ. ఆ తర్వాత అమెరికా నేవీ వేరే దారి పట్టి, ఒకే ఇంజిన్ ఉన్న టీహెచ్-73ఏ ని ఎంచుకుంది. ఇప్పుడు ఆర్మీ కూడా మళ్లీ ఒకే ఇంజిన్ శిక్షణ హెలికాప్టర్ల వైపు చూస్తోంది. రెండు వైపులా బలమైన వాదనలున్నాయి. కానీ ఎంత లోతుగా నేర్పాలన్న ప్రశ్నకి కొనుగోలు నిర్ణయంతో జవాబు చెబితే, కొన్నేళ్లకి దాన్ని మళ్లీ ఆలోచించాల్సి వస్తోంది.

సిమ్యులేటర్ కొంత లోటు తీరుస్తుంది. థ్రాటిల్ హఠాత్తుగా పోతే చెయ్యి దానంతటదే కలెక్టివ్ దించేలా అలవాటు చెయ్యడానికి అంతకన్నా మంచి సాధనం లేదు. చివరి 50 అడుగుల్లో మాత్రం నేల ఎంత దగ్గరికొచ్చిందో కంటి కొసలతో, ఒంటితో తెలుసుకోవాలి. తెర మీది బొమ్మ ఆ పని పూర్తిగా చెయ్యలేదు.

నేర్పు అవసరం ఎంతన్నది రెండు ప్రమాదాలు చూపిస్తాయి. 2013 నవంబర్ 29న స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పోలీసుల ఈసీ135 హెలికాప్టర్ ఒక పబ్ మీద కూలి 10 మంది చనిపోయారు. దానికి రెండు ఇంజిన్లున్నాయి. మెయిన్ ట్యాంకులో ఇంధనమూ ఉంది, కానీ దాన్ని ఇంజిన్లకి చేర్చే పంపులు ఆఫ్‌లో ఉన్నాయి. అర నిమిషం తేడాతో రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. రాత్రి పూట, ఊరి నడిమధ్య, ఆటోరొటేషన్ నిలబడలేదు. రెండోది 2017 సెప్టెంబర్ 8న అమెరికాలోని న్యూజెర్సీలో జరిగింది. ష్వైజర్ 269 హెలికాప్టర్‌లో థ్రాటిల్ కేబుల్ సరిగ్గా అమర్చకపోవడంతో ఇంజిన్ వేగం తగ్గించడం కుదరలేదు. పైలట్ ఫోన్‌లో కింద ఉన్నవాళ్లతో మాట్లాడి, ఇంజిన్ ఆపేసి ఆటోరొటేషన్‌తో దిగాలని నిశ్చయించుకున్నారు. 950 అడుగుల దగ్గర ఇంజిన్ ఆపారు. అది తొందరపాటైంది, రోటర్ వేగం నిలబడలేదు, రన్‌వేకి ఇవతలే హెలికాప్టర్ పడింది. పైలట్‌తో పాటు ‘కంట్రీ’ సంగీత గాయకుడు ట్రాయ్ జెంట్రీ చనిపోయారు. ఆ పైలట్‌కి ఇన్‌స్ట్రక్టర్ అర్హత కూడా ఉంది.

వార్త వచ్చిన రోజు ఏం తెలుస్తుంది, ఏం తెలియదు

హెలికాప్టర్ ప్రమాదం అనగానే తెలుగువాళ్లకి ముందు గుర్తొచ్చేది 2009 సెప్టెంబర్ 2న నల్లమలలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 కూలడం. అది శిక్షణ కాదు, ఇంజిన్ ఆగడమూ కాదు. ఇంజిన్ శక్తిని రోటర్‌కి చేర్చే ట్రాన్స్‌మిషన్‌లో ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక మీద పైలట్లు ఆరు నిమిషాలకి పైగా నిమగ్నమై ఉండగా హెలికాప్టర్ భీకరమైన వాతావరణంలోకి వెళ్లిందని విచారణ తేల్చింది. మొదటి రోజు ఊహలకీ చివరి నివేదికకీ ఎంత దూరం ఉండొచ్చో చెప్పడానికి అదొక్కటి చాలు.

శిక్షణ ప్రమాదంలో దర్యాప్తు బృందం ముందు చూసేది బ్లేడ్లని. రోటర్ మంచి జోరులో ఉండగా నేలకి తగిలితే బ్లేడ్లు ముక్కలై దూరంగా చెల్లాచెదురవుతాయి. నీరసించి ఉంటే వంగి, దాదాపు మొత్తంగా హెలికాప్టర్ పక్కనే పడి ఉంటాయి. తోక తెగిందా, తెగితే ఎక్కడ అన్నది ఫ్లేర్ గురించో స్టాల్ గురించో చెబుతుంది. హెలికాప్టర్ నేలకి తగిలేటప్పుడు ఇంజిన్ పవర్ ఇస్తోందా, ఐడిల్‌లో (పవర్ ఇవ్వకుండా నెమ్మదిగా తిరుగుతూ) ఉందా అన్నది లోపలి భాగాల మీద గీతల్ని బట్టి తెలుస్తుంది. ఐడిల్‌లో ఉన్నంత మాత్రాన ఫెయిలైనట్టు కాదు, ప్రాక్టీసులో అది ఉండాల్సిందే అక్కడ. ‘ఇంజిన్ పవర్ ఇవ్వడం లేదు’ అన్న తొలి వాక్యాన్ని పత్రికలు తరచూ ఇంజిన్ లోపంగా రాసేది ఇక్కడే.

పౌర విమానాలకి అంతర్జాతీయ నియమం ప్రకారం ప్రాథమిక నివేదిక 30 రోజుల్లో, తుది నివేదిక వీలైతే ఏడాదిలో రావాలి. సైనిక హెలికాప్టర్ అయితే కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ అనే సైన్యం సొంత విచారణ జరుగుతుంది, దాని నివేదిక సాధారణంగా బయటికి ఇవ్వరు. పౌర శిక్షణ ప్రమాదం నివేదిక దొరికితే వెతకాల్సిన అంకెలు మూడు: థ్రాటిల్ తగ్గించిన ఎత్తు, తిరిగి తెరిచిన ఎత్తు, ఆ రెంటి మధ్య రోటర్ వేగం పడిపోయిన కనీస స్థాయి. ఆ రోజు అదే ట్రైనీతో అది ఎన్నో ఆటోరొటేషన్ అన్నది కూడా నివేదికలో ఉంటే ఇంకా మంచిది.